ఒంటబట్టని మందు

ఈ కథలో ఒక్క అబద్ధం కూడా లేదు. నేను చెప్పే మిగతావాటి సంగతి వేరు. గాలివానకు బావి లేచిపోయి పక్కవాళ్ళ పెరట్లో పడిన కథను మా బడిపంతులే నమ్మలేదు. నమ్మకపోతే మానె, గోడకుర్చీ కూడా వేయించాడు. కాని ఇది తాళాలాయన కథ. తాళాలాయనను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు, పుట్టినా వాడికింకా పాలపళ్ళు రాలేదు. తాళంకప్పను చెవికి ఆనించుకుని, కన్నంలోకి సన్నటి ఇనపపుల్ల పోనిచ్చి, కళ్ళు మూసుకుని, లోపలి పిన్ను లేచిన చప్పుడు వినేవాడాయన. ఎంత చప్పుడనుకున్నారు? చీమ మెటికలు విరుచుకున్నంత. ఆ చెవికి లొంగని తాళం లేదు. ఆ బుర్రనుంచి జారిపోయిన ముఖమూ లేదు. ఎప్పుడో చిన్నతనంలో మారుతాళం చేయించుకున్న మనిషి బట్టతలతో ఎదురైనా, 'మీ బీరువా ఇంకా కిర్రుమంటోందా' అని పలకరించేవాడు.

అంతటివాడు ఆ రోజు, ఎండ ఇంకా నెత్తికెక్కని వేళ, పరిశోధన కేంద్రం వరండాలో నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ, నర్సు అనిపోయిన మాటను పంటికింద రాయిలా నమలలేక ఉమ్మలేక అవస్థ పడుతున్నాడు. మీకిచ్చింది ఉత్తుత్తి బిళ్ళ కాదు తాతగారూ, అసలు విటమినే, ఇన్నేళ్ళూ రోజుకొకటి మింగానంటున్నారు, మరి మీ నెత్తురులో దాని జాడే లేదేం, మొదటిసారి వచ్చినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది, డాక్టరమ్మ గంటలో వస్తారు, ఈలోగా ఎక్కడ తేడా వచ్చిందో బాగా గుర్తు తెచ్చుకోండి. గుర్తు తెచ్చుకోవాలట. ఆయన! చేపను ఈత నేర్చుకుని రమ్మన్నట్టు. గుర్తు లేనిదేముంది, అంతా గుర్తే. ముసలితనంలో మతిమరుపును విటమిన్ ఆపుతుందా, ఆపితే అన్ని జాతులవాళ్ళకూ ఒకేలా ఆపుతుందా, తేల్చుకుందామని వీళ్ళు ఈ పని మొదలెట్టారు; వచ్చినవాళ్ళలో సగంమందికి మందు, సగంమందికి అదే రంగు అదే ఆకారం ఉన్న ఒట్టి పిండిబిళ్ళ, ఎవరికేది పడిందో ఇచ్చినవాళ్ళకూ తెలియదు పుచ్చుకున్నవాళ్ళకూ తెలియదు, ఆఖరిరోజున గుట్టు విప్పుతారు. ఆ ఆఖరిరోజే ఇది. పొద్దున బయల్దేరేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కూడా, బహుమతి ఏదో ఇస్తారన్నట్టు.

ఎదురుగా గోడమీద పెద్ద పటం. తెల్లవాళ్ళకు నీలం చుక్కలు, నల్లవాళ్ళకు ఎర్ర చుక్కలు, చిన్నకళ్ళవాళ్ళకు పచ్చ చుక్కలు, తనలాంటి గోధుమరంగువాళ్ళకు గోధుమరంగు చుక్కలే, ఇంకో రంగు దొరకలేదు కాబోలు. మిగతా చుక్కలు బెల్లంముక్క చుట్టూ చీమల్లా ఒత్తుగా ఉన్నాయి. తనవాళ్ళవి మాత్రం పళ్ళూడిన దువ్వెనలా అక్కడొకటి ఇక్కడొకటి. వాటిలో ఒకటి తాను. ఫలానా చుక్క తానేనని వేలుపెట్టి ఎవరూ చూపలేదు గాని, ఆయన మొదట్లోనే ఒకదాన్ని ఏరుకున్నాడు, అంచున, కాస్త పైకి, తక్కిన చుక్కలను చూసి మీసం దువ్వుతున్నట్టున్నదాన్ని. నర్సు ఇంకో మాట కూడా అన్నది, మంచిపిల్ల, కడుపులో దాచుకోలేదు: మీ గుంపులో మందు పడ్డవాళ్ళు కొద్దిమందే తాతగారూ, ఇప్పటికే ఒకరిద్దరివి అటూఇటూగా ఉన్నాయి, మీ నెత్తురు కూడా ఇలాగే ఉంటే మీ జాతివాళ్ళకు ఈ మందు ఒంటబట్టదని రాసేస్తారు, రాసేస్తే రేపు ఏ డాక్టరూ మీవాళ్ళకు దాన్ని ఇవ్వడు. ఒంటబట్టదు! తన ఒక్కడి నెత్తురు తీసుకెళ్ళి ఇంతమంది ముఖాన పూస్తారా? తన మేనత్తలూ, బాబాయిలూ, ఇంకా పుట్టనివాళ్ళూ, తనలాంటి రంగున్న ప్రతి ముసలీ ముతకా, అందరూ తాను మింగిన బిళ్ళకోసం వరసలో నిలబడి ఉన్నట్టూ, తాను నోరు తెరిచి చూపిస్తే నాలుకమీద ఏమీ లేనట్టూ అనిపించి, ఆయన నోరు గట్టిగా మూసుకున్నాడు.

మింగాను కదా. రోజూ మింగాను. పొద్దున టీతోపాటు ఇంటావిడ స్టీలుమూతలో పెట్టి ఇస్తుంది, తాను తల వెనక్కి వంచి, కళ్ళు మూసుకుని, గుటుక్కున. బిళ్ళ మింగడం కూడా ఒక విద్యే అన్నట్టు మింగుతాడాయన, చూసేవాళ్ళుంటే ఇంకాస్త మెడ చాపి. అయితే మందే నాసిరకమా. కాదు, పక్కవాళ్ళ నెత్తురులో చేరింది కదా. పోనీ ఒళ్ళే దొంగదా. తిన్నది తిన్నట్టు ఎటు పంపేసిందో. ఈ ఒళ్ళు ఎప్పుడూ అంతే, యవ్వనంలో ఎంత మెక్కినా పుల్లలా ఉండేవాడు, 'నీకు పెట్టిన తిండి గోడకు పెడితే గోడన్నా లావయ్యేది' అనేది అమ్మ. గోడ. ఈ గోడ. చుక్కలు. పరీక్షల్లో మాత్రం తననెవరూ పడగొట్టలేకపోయారు, అది మాత్రం రాసుకోమను. ప్రతిసారీ వచ్చినప్పుడు కొన్ని మాటలు చదివి వినిపించేవారు, కాసేపు కబుర్లలో పెట్టి, ఏవీ ఆ మాటలు మళ్ళీ చెప్పండి అనేవారు. మేక, గొడుగు, పడవ, సబ్బు, నిచ్చెన, చంద్రుడు. మిగతావాళ్ళు వాటిని పప్పుల్లా గుప్పిట్లో పట్టుకునేవాళ్ళు, వేళ్ళసందుల్లోంచి జారిపోయేవి. తానలా కాదు, కథ అల్లేవాడు. మేక గొడుగు వేసుకుని పడవెక్కింది. పడవవాడు, 'గొడ్డుకు గొడుగెందుకే' అన్నాడు. 'తడిస్తే నా సబ్బు కరిగిపోతుంది నాయనా' అన్నది మేక. అవతలి ఒడ్డున ఆకాశానికి నిచ్చెన వేసి ఉంటే టకటకా ఎక్కేసి, చంద్రుణ్ణి ఒక్క నాకు నాకి, 'ఊఁ, ఉప్పు తక్కువైంది' అన్నది.

ఇంటికి వెళ్ళి ఆ కథ చెబితే ఆవిడ ఎంత నవ్విందని. కుట్టుమిషను పెడలు మీదనుంచి కాలు తీసేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా. 'మేకకు ఉప్పు రుచి ఏం తెలుసండీ!' ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకుందో. బట్టలు మడతపెడుతూ, ఏమండీ ఆ మేక కథ చెప్పండి. వాన పట్టినప్పుడు, ఆ మేక కథ. ప్రతిసారీ అదే చోట అదే నవ్వు. పక్క కొట్టు సెలూనాయనకు రెండోసారి చెబితేనే ఆవలించాడు, ఆవిడ మాత్రం ఎన్నోసారైనా సరే. కథ చెప్పేవాడికి ఇంకేం కావాలి? వేలమంది వినక్కర్లేదు, ఒక్క మనిషి ప్రతిసారీ కొత్తగా నవ్వితే చాలు. ఆ నవ్వుతో తన భుజాలు ఈ ముసలితనంలో కూడా ఒక జానెడు వెడల్పయ్యాయి.

ఇంతలో ఆ సెలూనాయనే పక్క కుర్చీలో కూలబడ్డాడు, ఆయన మోచేతిలోనూ దూదే. వీధి మొదట్లో తాళాల కొట్టూ, దాని పక్కన సెలూనూ, వయసులో ఉన్నప్పటినుంచీ ఇద్దరూ ఒకే గోడకు చెరోవైపు. ఆయనది ఎర్రచుక్కల గుంపు. ఒళ్ళు నిగనిగలాడే నలుపు, 'నలుపు నారాయణుడు మెచ్చు' అని తాళాలాయన వేళాకోళం చేస్తే, 'మరి నిన్ను మెచ్చిందెవరన్నా' అని తిప్పికొట్టే మనిషి.

"ఏమన్నా, నీ నెత్తురు నీమీదే చాడీలు చెప్పిందట?"

"నీ సంగతేమిట్రా?"

"నాకు పిండిబిళ్ళట. ఇన్నేళ్ళూ పిండి తిని బుర్ర ఇంత చురుగ్గా ఉందంటే మా జాతికి పిండి బాగా ఒంటబడుతుందని రాసుకోమన్నా. ఆ పిల్ల నవ్వలేదు."

తాళాలాయనా నవ్వలేదు. పక్కగా వెళ్తున్న నర్సును ఆపి, అమ్మాయ్, నా ఒక్కడి నెత్తురు పట్టుకుని వేలాడతారేం, మా ఆడవాళ్ళనడగండి, వాళ్ళ గుంపు ఇట్టే నిండిపోయిందిగా, అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడు? దారిన పోయే గాలిని పిలిచి ఇంట్లోకి రమ్మన్నట్టు. నర్సు ట్రే పట్టుకుని ఆగి, వింతగా చూసింది.

"నిండడమా? మీవాళ్ళ గుంపు ఎప్పుడు నిండింది తాతగారూ? ఆడవాళ్ళదైతే మరీను. మొదటినుంచీ ఖాళీలే. ఇల్లిల్లూ తిరిగి బతిమాలాం, మీకు తెలీదా?"

చీమ మెటికలు విరుచుకుంది. ఎక్కడో లోపల, ఎన్నాళ్ళుగానో తుప్పుపట్టి బిగుసుకున్న పిన్ను ఒకటి టిక్కుమని లేచింది. ఒకటి లేస్తే మిగతావి వాటంతటవే లేస్తాయి, తాళంకప్ప ధర్మమే అంత. నిండిపోయిందండీ, నా రంగు ఆడవాళ్ళు ఇంక వద్దట. అలా అన్నది కదా ఆవిడ, మొదటిరోజున, ఇద్దరూ కలిసి వచ్చిన రోజున, ఇదే వరండాలో, ఆ మూలగదిలోంచి బయటికొచ్చి, చేతిసంచి జిప్పు వేస్తూ తీస్తూ. తాను పగలబడి నవ్వాడు, 'రంగుల్లో కూడా హౌస్‌ఫుల్లా' అని. ఆవిడ కూడా నవ్వింది. సంచి జిప్పు మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. ఆ మూలగదిలో ఏం చేయిస్తారో ఆయనకు తెలుసు, ముందు తానూ చేశాడు. తెల్లకాగితం ఇచ్చి, గడియారం బొమ్మ వెయ్యమంటారు, ముళ్ళు ఫలానా చోట పెట్టమంటారు, ఈ రోజు ఏ వారమో చెప్పమంటారు. అది కుదరనివాళ్ళను తీసుకోరు, బుర్ర బాగున్నవాళ్ళే కావాలి వీళ్ళకు, చెడకుండా ఆపగలరో లేదో చూడడానికి. అంటే ఆవిడ వెయ్యలేకపోయింది. చొక్కా కాలరు కంటితోనే కొలిచి కత్తిరించే మనిషి, గుండ్రటి గడియారం వెయ్యలేకపోయింది. అప్పటికే. అంత ముందునుంచే! ఆ రోజు తిరిగి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మనకు మీరున్నారుగా, మీరు తీసుకుంటే నేను తీసుకున్నట్టే, అన్నది. ఎంత ప్రేమ అనుకున్నాడు. అక్షరాలా నిజమే చెప్పింది మహాతల్లి.

తల తిప్పి చూస్తే సెలూనాయన తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు, వాటికి కొత్తగా వేళ్ళు మొలిచినట్టు.

"నీకు తెలుసా?"

"అన్నా..."

"తెలుసా, తెలీదా?"

"ఒకరోజు సంచి పట్టుకుని సెలూను ముందు నిలబడిపోయింది వదిన. ఇల్లు ఏవైపో అడిగింది. వేళాకోళమనుకున్నా ముందు. తీసుకెళ్ళి దిగబెట్టా. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. 'ఆయనకు తెలిస్తే ఊరంతా కథ చెబుతాడు' అన్నది."

గోడకు చెరోవైపు. ఎన్నాళ్ళు! రోజూ పొద్దున టీ గ్లాసు అందుకుంటూ, తన గడ్డం గీస్తూ, గొంతుమీద కత్తి ఆనించి మరీ, చెప్పకుండా ఉండగలిగాడు. కత్తి జారితే బావుండేది. ఇంకెవరికి తెలుసో. కూతురికి తెలిసే ఉంటుంది, అందుకే ఫోనులో ప్రతిసారీ 'అమ్మకివ్వు' అని, తర్వాత 'నాన్నా, అమ్మ తిన్నదా' అని అంతసేపు. వీధికి తెలుసు, కూరగాయల బండివాడికి తెలుసు, అందుకే చిల్లర అతనే ఏరి చేతిలో పెట్టేవాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, తనకొక్కడికే తెలియలేదు. ఊళ్ళో తాళాలన్నీ విప్పినవాడి ఇంటికి లోపలినుంచి గడియ వేసుకున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పట్టడం రాక కాదు, ఇంట్లోవాళ్ళే కదా అని చూడడం మానేసి ఉంటాడు.

బిళ్ళ తియ్యగా ఉండేది. అవును! గుటుక్కున మింగినా నాలుక చివర కాస్త తీపి మిగిలేది, గొంతు గరగరకు చప్పరించే బిళ్ళల్లాగా. ఒకసారి అడిగాడు కూడా, 'ఏమే, బిళ్ళ తియ్యగా ఉందేం' అని, ఆవిడ టీ వడకడుతూ వెనక్కి తిరక్కుండానే, 'మారుస్తుంటారు లెండి, చేదైతే ముసలాళ్ళు ఉమ్మేస్తారని' అన్నది. ఎంత తడుముకోకుండా. దారం రంగూ బట్ట రంగూ వెలుగులో పట్టి చూసి, రవ్వంత తేడా కూడా లేకుండా కలిపే కళ్ళు కదా, ఆ పసుపు మందుబిళ్ళకు సరిపోయే పసుపు తీపిబిళ్ళ వెతికి తెచ్చి ఉంటుంది, ఎన్ని దుకాణాలు తిరిగిందో. ఆ పని మరిచిపోలేదు. ఇల్లు మరిచిపోయింది, వారం మరిచిపోయింది, రోజూ పొద్దున తన మూతలో తీపిబిళ్ళ పెట్టి, అసలుది కొంగుచాటున తానే నోట్లో వేసుకోవడం మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. ఆ తలుపుకు మారుతాళం అంత శ్రద్ధగా చేసుకుంది. అడిగితే ఇవ్వడా తాను? అడిగితే డబ్బా డబ్బా ఆవిడ ఒళ్ళో పోసేవాడు కదా. అడిగితే. అడగలేదే, అదీ బాధ. దొంగిలించిందని కాదు. తనను అడగదగిన మనిషి అనుకోలేదని.

ఆ జేబు సంగతేమిటి? తన చొక్కా జేబు పైఅంచు కూడా కుట్టేసింది ఒకసారి, చెయ్యి దూరకుండా. తాను కొట్టు ముందు నిలబడి అందరికీ చూపించాడు, 'మా ఆవిడ నా జేబుకు తాళం వేసిందయ్యా, తాళంచెవి కూడా ఇవ్వలేదు' అని. జనం విరగబడి నవ్వారు. ఎదురుగా, కుట్టిచ్చిన బట్టల మూటతో ఆవిడ వస్తూ ఉంది, ఆగింది, తానూ నవ్వి వెళ్ళిపోయింది. ఆ రాత్రి జేబు విప్పి మళ్ళీ కుట్టింది. ఆ దారపుముక్కలు మర్నాడు చాపమీద కనిపించాయి. కనిపించి? కనిపించాయి, అంతే. అయితే తప్పు నాదా? ఇదేం న్యాయం, మోసపోయింది నేనైతే తప్పు నాదెలా అవుతుంది? వేళాకోళం చేస్తే చేశాడు. మనసులో ఉంటేనా. నోరు ఊరికే ఉండదు తనకు, అది అందరికీ తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు. తెలిసి కూడా, ఆ నోటి వెనక ఒక మనిషి ఉన్నాడని తెలియదా?

ఇంక అసలుది రాబోతోంది. రావద్దు అంటూనే ఉన్నాడు. దూదిని గట్టిగా నొక్కుకున్నాడు, కుర్చీ కాళ్ళకింద పలకల గీతలు చూశాడు, పటంలో పచ్చచుక్కలు చూశాడు. వచ్చింది. ఆ నవ్వు. మేక కథకు ప్రతిసారీ అదే చోట అదే నవ్వు. ఎన్నోసారైనా కొత్తగా. కొత్తే కదా మరి, ఆవిడకు ప్రతిసారీ మొదటిసారే. తాను గొప్ప కథకుడని కాదు, నిన్న చెప్పింది ఈరోజుకు లేదని. లేదా ఇంకోటి: అంతా గుర్తే, కాని నవ్వాల్సిన చోట నవ్వకపోతే తనకు పట్టుబడిపోతానేమో అని నవ్వింది. ఏది? మొదటిదైతే ఆ నవ్వు తనది కాదు, మతిమరుపుది. రెండోదైతే నవ్వే కాదు, తాళం. రెండింట్లో ఏదైనా తన భుజాలు మళ్ళీ ఆ జానెడూ లోపలికి పోయాయి. ఇన్నేళ్ళూ మందు బాగా పనిచేస్తోందని తనకు తానే చెప్పుకున్నాడే, సెలూన్లో ప్రతివాడికీ చెప్పాడే, 'చూడండ్రా, విటమిన్ పడ్డ బుర్ర' అని నుదురు తట్టి చూపించాడే! తీపిబిళ్ళ తిన్న బుర్ర అది. మరి అసలు మందు తిన్న మనిషేమో మొన్న ఉతికిన బట్టలు ఫ్రిజ్‌లో పెట్టింది. తాను నవ్వాడు. ఆవిడా నవ్వింది.

"తాతగారూ, డాక్టరమ్మ పిలుస్తున్నారు."

లేచాడు. గదిలోకి నడిచే ఆ నాలుగడుగుల్లో రెండు దార్లు కనిపించాయి. నిజం చెబితే తనవాళ్ళందరి ముఖాన ఆ మాట రాయరు, కాని రేపే ఆవిడను పిలుస్తారు, ఆ మూలగదిలో కూర్చోబెడతారు, తెల్లకాగితం ముందు పెడతారు. చెప్పకపోతే ఆవిడ గుట్టు నిలుస్తుంది, కాని ఆ గోధుమరంగు చుక్కలన్నిటికీ ఒంటబట్టదన్న పేరు అంటుకుంటుంది. ఎవరికోసం దాచాలి? తనను అందరిలో వెర్రివెంగళప్పను చేసిన మనిషికోసమా? చెప్పేస్తాను. చెప్పేస్తానంతే. నా ఇంట్లో దొంగ ఉంది డాక్టరమ్మా, అంటాను.

డాక్టరమ్మ అద్దాలు సర్దుకుని, "రోజూ వేసుకున్నారా? నిజం చెప్పండి," అన్నది.

"లేదమ్మా. పావురాలకు వేశాను."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. నోరు ఊరికే ఉండదని చెప్పానుగా. కాని మొదలుపెట్టాక ఆగే మనిషి కాదు. మొదట్లో నాలుగురోజులు మింగానమ్మా, గొంతుకు అడ్డం పడింది, కిటికీలో పావురం ఉంటే దానికేశాను, తిన్నది, మర్నాడు దాని మొగుణ్ణి తీసుకొచ్చింది, ఆ వారాంతానికి చుట్టాలందర్నీ, వద్దంటే ముక్కుతో అద్దం పొడిచేవి, ఇప్పుడా పావురాలు మా వీధిలో ఏ కిటికీ ఎవరిదో, ఎవరింట్లో ఏ పూట గింజలు పడతాయో తడుముకోకుండా చెప్పగలవు, కావాలంటే వాటి నెత్తురు చూడండి. డాక్టరమ్మ నవ్వలేదు. నమ్మింది. జీవితంలో ఆయన చెప్పిన కోతల్లో ఎదుటివాళ్ళు పూర్తిగా నమ్మింది ఇదొక్కటే, నమ్మకూడదని ఆయన కోరుకున్నదీ ఇదొక్కటే.

"ఇన్నేళ్ళు మమ్మల్ని మోసం చేశారన్నమాట," అన్నది. "మీలాంటివాళ్ళ వల్లే మీ గుంపు లెక్క ఎప్పటికీ తేలదు. సరే, మీది తీసేస్తాం. పనిచేస్తుందనీ రాయలేం, పనిచేయదనీ రాయలేం."

మోసగాడు. ఆ బిళ్ళ మాత్రం ఆయన నిజంగానే మింగాడు, తల వెనక్కి వంచకుండా, కళ్ళు తెరిచే. తీపి లేదు. బయటికొస్తూ నర్సు దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఇప్పటికే మతిమరుపు వచ్చినవాళ్ళను ఎక్కడ చూస్తారు?"

"కిందనే, మందుల కౌంటరు పక్కగది. ఎవరికి తాతగారూ?"

"మా పావురానికి."

నర్సు ఏమనుకుందో, గొంతు తగ్గించి, "తీసుకురండి. బొమ్మలు వెయ్యమని ఇబ్బంది పెట్టొద్దని నేను చెప్తాను," అన్నది. గోడమీద పటం వైపు ఆయన మళ్ళీ చూడలేదు. సెలూనాయన వెనకే వచ్చాడు, బస్సులో ఒకే సీటులో కూర్చున్నారు, గోడ లేకుండానే చెరోవైపు కూర్చున్నారు.

ఇల్లు చేరేసరికి ఆవిడ మిషను దగ్గర ఉంది, సూది కన్నంలోకి దారం ఎక్కిస్తూ. తాను వచ్చిన చప్పుడుకు తల ఎత్తకుండానే అడిగింది, ఆరోగ్యం ఎలా ఉందన్నారని కాదు, బహుమతి ఏమిచ్చారని కాదు, "ఇంక బిళ్ళలు ఇవ్వరటా?"

"ఇవ్వరు. నా లెక్క తీసేశారు."

దారం కన్నం పక్కనుంచి జారింది. "ఎందుకూ?"

"నేను మింగలేదని చెప్పాను. పావురాలకు వేశానన్నాను."

ఆవిడ జారిన దారాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాడు. చెప్పవే, ఒక్క మాట చెప్పు, నేనే తీసుకున్నానండీ అను, కోప్పడతాను, అరుస్తాను, తర్వాత నువ్వేం చేసినా సరే. తాళంకప్పకు చెవి ఆనించినట్టు ఆవిడ మౌనానికి చెవి ఆనించి నిలబడ్డాడు. ఆవిడ దారం చివర నోట్లో తడిపి, సన్నగా నలిపి, మళ్ళీ కన్నంలోకి గురిచూసింది.

"తిన్నాయా పావురాలు?"

"తిన్నాయి."

"వాటికేమన్నా పనిచేసిందా?"

"ఏమో. వాటినే అడగాలి."

"ఏం పనిచేస్తుందిలెండి," అన్నది ఆవిడ, మెల్లగా, "పావురాలకు." సూది పక్కన పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత అడిగింది, "ఏమండీ, ఆ మేక కథ చెప్పండి."

ఛీ, చెప్పను, అనుకున్నాడు. ఇంకెప్పుడూ చెప్పను. అనుకుంటూనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు, నోరు అప్పటికే గొడుగు విప్పింది. మేకను పడవెక్కించాడు, పడవవాడితో తగవు పెట్టించాడు, సబ్బును చంకలో పెట్టించి నిచ్చెన ఎక్కించాడు. చంద్రుణ్ణి నాకించాడు. అక్కడ ఆగిపోయాడు. కావాలనే. కసిగానే. నీకు గుర్తుందా లేదా, ఇన్నాళ్ళూ నవ్విన ఆ నవ్వు ఎవరిదో ఇప్పుడు తేలాలి అన్నట్టు ఆవిడ ముఖంలోకే చూశాడు. ఆవిడ ఆయన కళ్ళల్లోకి చూసి, పెదవి చివర నవ్వు మెదులుతుండగా, 'ఉప్పు తక్కువైంది' అని తనే పూర్తి చేసింది.

మొదట్లో ఈ కథలో ఒక్క అబద్ధం కూడా లేదన్నాను. తాళాలాయనను మోసం చేసేవాడు పుట్టలేదని కూడా అన్నాను, అది ఎలా తేలిందో చూశారుగా, నా మాటా అంతే. మేకను నమ్మండి. పావురాలనూ నమ్మండి, డాక్టరమ్మ అంతటిదే నమ్మింది. జేబు కుట్టేసిన మాట నిజం, ఫ్రిజ్‌లో బట్టలూ నిజమే. ఆ చివరి మాట ఒక్కటే నేను వేసిన ఉప్పు. ఆవిడ అలా అనలేదు. ఆయన ఆగిపోతే, మిషను మీద మోచెయ్యి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆవిడ అడిగింది:

"తర్వాత?"